కరెంటు శ్రుతి

మా షాపుకి వచ్చేవాళ్లంతా సౌండు రావట్లేదని వస్తారు. ఒక్క పళ్ల డాక్టరుగారు మాత్రం సౌండు వస్తోందని వచ్చారు.

"పాట పెట్టకముందు వస్తోందండీ. పాట అయిపోయాకా వస్తోంది. మధ్యలో ఎక్కడన్నా మెత్తగా పాడితే అప్పుడూ వస్తోంది. గుయ్యిమని" అన్నారు. అక్కడితో ఆగకుండా కౌంటరు మీదికి వంగి, కళ్లు మూసుకుని, ఆ గుయ్యి ఎలా ఉంటుందో నోటితో చేసి వినిపించారు. పక్కన స్పీకర్లు బేరం చేస్తున్న దంపతులు మెల్లిగా తలుపు వైపు జరిగారు.

నేను సికింద్రాబాదులో, కార్ఖానా మెయిన్ రోడ్డు మీద, ఇళ్లలో పెట్టుకునే ఆడియో సిస్టములు అమ్మి బాగుచేసే షాపులో సర్వీసు టెక్నీషియనుగా పనిచేసి రిటైరయ్యాను. ఆడదాన్ని. ముందే ఎందుకు చెబుతున్నానంటే, నా ఉద్యోగమంతా ప్రతి ఇంటి గుమ్మం దగ్గరా "ఇంజనీరు వెనకాల వస్తున్నారామ్మా?" అన్న ప్రశ్నతోనే మొదలయ్యేది. మొదట్లో కోపం వచ్చేది. తర్వాత్తర్వాత "ఆయన్ని ఇంట్లో వంట చూసుకొమ్మని చెప్పి వచ్చాను" అనేదాన్ని. ఇప్పుడు ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు మీరంతా నన్ను అడుగుతుంటారు కదా, మేడమ్, అన్నిటికంటే కష్టమైన రిపేరు ఏది అని. ఏదో కాలిపోయిన బోర్డు కథ చెబుతానని చెవులు నిక్కబొడుచుకుంటారు. నేను ఈ గుయ్యి కథే చెబుతాను.

గుయ్యి అంటే ఏమిటో రెండు ముక్కల్లో చెప్పి వదిలేస్తాను. మన ఇళ్లలోకి వచ్చే కరెంటు నిలకడగా ఉండేది కాదు, సెకనుకి యాభై సార్లు ఊగుతుంది. ఆ ఊపు స్పీకరు దాకా వస్తే గుయ్యిమంటుంది. రాకుండా ఆపడానికి ఆంప్లిఫయరు లోపల కెపాసిటర్లని లావుపాటి డబ్బాలుంటాయి. మేడమీద నీళ్ల ట్యాంకు లాంటివి. మోటారు ఆగి ఆగి పోసినా కింద కుళాయిలో ధార సమంగా వస్తుంది చూడండి, అలాగన్నమాట. ట్యాంకు గట్టిదైతే చప్పుడు ఉండదు. ఇంతకంటే పెద్ద సంగతి ఈ కథలో ఏదీ లేదు, భయపడకండి.

డాక్టరుగారివాళ్లు కోస్తా వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవాళ్లు. క్లినిక్కు బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్టు దగ్గర, ఇల్లు కార్ఖానాలో. రోజంతా చెవి పక్కన పళ్లు తొలిచే మిషను కీచుమంటూ ఉంటుంది. ఆ మిషను ఆగిన క్షణంలో బయట ఉల్లిగడ్డల లారీ హారన్ కొడుతుంది. సాయంత్రం ఇంటికొచ్చి కాసేపు పాట వినాలి, పాటకీ పాటకీ మధ్య ఏమీ వినపడకూడదు. "నాకు పాట కంటే ఆ మధ్యలో ఉండే ఖాళీయే కావాలండీ" అనేవారు. పాపం, ఆ కోరికలో తప్పేముంది?

దానికోసమే పాతదైనా గట్టిదైన ఫారిన్ ఆంప్లిఫయరు ఒకటి సంపాదించారు. లోపలి పాత కెపాసిటర్లు తీసి కొత్తవి వేయమని మాకే ఇచ్చారు. ఆ కొత్తవి మా షాపువి కావు. ఆయన ఆన్‌లైన్లో వెతికి వెతికి తెప్పించుకున్నవి. నల్లగా నిగనిగలాడుతూ, బంగారు రంగు అక్షరాలతో, మా డ్రాయరులో పడి ఉండేవాటి పక్కన పెడితే పెళ్లికొడుకుల్లా ఉన్నాయి. వాటిని నా చేత్తోనే టంకం పెట్టి బిగించాను. అద్దంలా కుదిరింది. ఆయన ఆ కెపాసిటర్ల మీద ఒట్టు పెడతారు, నేను నా టంకం మీద ఒట్టు పెడతాను. కాబట్టి ఆ గుయ్యి ఆంప్లిఫయరు లోపలిది కాదని ఏ పరీక్షా చేయకుండానే మా ఇద్దరికీ తెలిసిపోయింది. ఇక దొంగ ఇంట్లోనే ఎక్కడో ఉండాలి.

మొదటిసారి వాళ్లింటికి వెళ్లినప్పుడు హాలు గుమ్మంలోనే నిలబడిపోయాను. ఆంప్లిఫయరు నుంచి స్పీకర్ల దాకా వైర్లు నేలకి తగలకుండా, వరసగా తెల్లటి పళ్ల సెట్ల మీద పరిచి ఉన్నాయి. పేషెంట్ల నోటికి అచ్చు తీసి ప్లాస్టరు పోసి చేసినవి. వైరు నేలకి తగిలితే సౌండు పాడవుతుందని ఆయన ఎక్కడో చదివారట. పని అయిపోయిన అచ్చులు క్లినిక్కులో బోలెడు. ఇంకేం, ఊరి జనం పళ్లన్నీ ఆ హాల్లో వైరు కరుచుకుని కూర్చున్నాయి.

"జాగ్రత్తండీ, ఆ చివరిది మా మామగారిది" అన్నారు డాక్టరుగారు.

"స్పీకరా సార్?"

"పళ్లు."

ఆ హాల్లోనే ఇంకో పక్క చాప పరిచి ఉండేది. డాక్టరుగారి భార్య సాయంత్రాలు అక్కడ పిల్లలకి కర్ణాటక సంగీతం చెప్పేవారు. పిల్లలు ఆవిడను టీచర్ అనేవారు, నేనూ టీచరుగారనే అనేదాన్ని. ఒకప్పుడు ఆవిడ కచేరీలు చేసే మనిషి. పెళ్లి, క్లినిక్కు, అత్తగారి సేవ, ఇలా ఒకదాని వెనక ఒకటి వచ్చిపడి పాట మూలపడింది. నేర్పిన గురువుగారికి అది కోపం తెప్పించి, ఆయన మాట్లాడటమే మానేశారు. ఇన్నేళ్లకి టీచరుగారు మళ్లీ పిల్లల్ని కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టి, ధైర్యం చేసి ఆయనకి ఫోన్ చేస్తే, ఆయన అన్న మాట ఇది: "వేసవి సెలవుల ఆఖరి ఆదివారం వచ్చి వింటాను. నీ పిల్లల శ్రుతి నిలిస్తే మా గుడి సంగీత ఉత్సవంలో మీకొక పూట ఇస్తాను. నిలవకపోతే మళ్లీ ఎప్పుడూ అడగకు."

ఈ సంగతి ఆవిడ నాకు కాఫీ ఇస్తూ చెప్పారు. డాక్టరుగారికి కూడా ఆ ఆదివారం ముఖ్యమే, కాకపోతే వేరే కారణానికి. "గురువుగారిది పాము చెవండీ. ఆ రోజుకి నా సిస్టములో చీమ చిటుక్కుమనకూడదు" అన్నారు.

అలా వేట మొదలైంది. ఫ్యాను రెగ్యులేటరు మార్చాను. ఫ్రిజ్ ప్లగ్గు వేరే గదికి పంపాను. కొత్త రకం బల్బులన్నీ తీయించి పాత బల్బులు పెట్టించాను, హాల్లో అందరి మొహాలూ పసుపు రాసుకున్నట్టు అయ్యాయి. గుయ్యి మాత్రం తగ్గలేదు. అప్పుడు డాక్టరుగారు ఇంటర్నెట్టులో చదివొచ్చి, "ఈ చిన్న చిన్న అడాప్టర్లే లైన్లోకి చెత్త వదులుతాయట కదండీ?" అన్నారు.

"వదుల్తాయండీ" అన్నాను. అబద్ధమేమీ కాదు.

ఆ ఒక్క మాటతో ఇంట్లోంచి దేశబహిష్కారమైన వస్తువుల్లో టీచరుగారి శ్రుతి పెట్టె కూడా ఉంది. పాడేవాళ్ల గొంతు దారి తప్పకుండా వెనకాల ఎడతెగకుండా మోగుతుండే ఆధారమే శ్రుతి. తంబూరా వేసే మనిషి లేనిచోట ఆ పని ఈ కరెంటు పెట్టె చేస్తుంది. దాన్ని డాక్టరుగారు పట్టుకెళ్లి క్లినిక్కులో పెట్టుకున్నారు. "తొలిచేటప్పుడు మోగిస్తున్నానండీ, పేషెంట్లు చాలా ప్రశాంతంగా ఉంటున్నారు" అని సంతోషంగా చెప్పారు కూడా. ఫోను దగ్గరుంటే స్పీకర్లు టకటకమంటాయని హాల్లోకి ఫోన్లు నిషేధించారు కాబట్టి, ఫోనులో శ్రుతి పెట్టుకునే దారీ మూసుకుపోయింది. ఆంప్లిఫయరు మాత్రం పొద్దస్తమానం ఆన్‌లోనే ఉండాలి. వేడిమీద ఉంటేనే సౌండు పండుతుందని ఆయన నమ్మకం.

ఇంత జరిగినా టీచరుగారు పల్లెత్తు మాట అనలేదు. ఆవిడ ఓర్పుకి నాకు ముచ్చటేసింది. మా ఆయన నా సోల్డరింగ్ ఐరన్ చోటు మార్చినా ఇంట్లో యుద్ధమే కదా అనుకున్నాను.

షాపులో మా ఓనరు బెంబేలెత్తిపోయాడు. తండ్రి పెట్టిన షాపు, వయసులో నాకంటే చిన్నవాడు. "అక్కా, గా డాక్టర్ సాబ్ మళ్ల ఫోన్ చేసిండు. గుయ్యి గుయ్యి అని నా చెవుల గుయ్యి పుట్టిస్తుండు. జెర ఏదన్న చెయ్యి, పరేషాన్ అయితున్న" అన్నాడు.

అప్పుడు మా షాపులో నాతోపాటు పనిచేసే అన్నని వెంట తీసుకెళ్లాను. లాలాగూడ మనిషి, రైల్వే వర్క్‌షాపులో రిటైరై, ఇంట్లో ఊరికే కూర్చోలేక మా దగ్గర చేరాడు. ఏ జబ్బుకైనా ఆయన దగ్గర ఒకటే మందు, ఎర్తు. టీవీలో గీతలొచ్చినా ఎర్తే, ఫ్యాను తిరగకపోయినా ఎర్తే. ఒకసారి మా ఓనరుకి నడుం నొప్పి వస్తే "చెప్పులు ఇడిసి నడువు" అన్నాడు. అదీ ఎర్తే.

డాక్టరుగారి పెరట్లో ఎర్తు గుంత చూసి, "సూడు చెల్లె, ఎండి రాయి లెక్క అయింది. గిట్ల ఉంటే కరెంటు యాడికి పోవాలె?" అని బొగ్గూ ఉప్పూ తెప్పించి గుంత నింపాడు. రోజూ పొద్దున ఒక బకెట్ నీళ్లు పోయాలని టీచరుగారికి చెప్పాడు. ఆవిడ అలాగే తలూపి, మర్నాటి నుంచి తులసికోటకి చెంబుడు, ఎర్తు గుంతకి బకెట్టూ పోసేవారు. అత్తగారు రెండు చోట్లా దణ్ణం పెట్టుకునేవారట. గుంత పక్కన వేసిన బంతి మొక్క మాత్రం ఉప్పుకి చచ్చింది. గుయ్యి చావలేదు. పైగా రోజురోజుకీ ఇంకాస్త బలుస్తున్నట్టు నాకు అనిపించింది.

ఆ రోజుల్లోనే ఒకసారి వంటింటి గుమ్మంలో టీచరుగారు నన్ను ఆపారు.

"ఆ చప్పుడు పోకపోతే ఏమవుతుందండీ?" అన్నారు.

"ఏం కాదండీ. మిషనుకి ఏం ప్రమాదం లేదు."

"మరైతే... అలా ఉండనిస్తే?"

ఆవిడకి మా తిప్పలు చూసి జాలేసిందనుకున్నాను. "మీరేం ఫికర్ చేయకండమ్మా, దాన్ని చంపి గాని నేను మీ గుమ్మం దాటను" అని అభయమిచ్చాను. ఆవిడ ఏదో అనబోయి, కాఫీలో చక్కెర సరిపోయిందా అని అడిగి లోపలికి వెళ్లిపోయారు.

గురువుగారు వచ్చే ముందురోజు శనివారం. నేనూ అన్నా మళ్లీ వెళ్లాం. ఎర్తు మంత్రం పారకపోవడం అన్నకి అవమానంగా ఉంది. ఆంప్లిఫయరు ముందు గొంతుక్కూర్చుని, "చెల్లె, ఒక్కపారి వైర్లన్నీ గుంజి సూద్దాం. ఏ వైరు లేకున్న సుత మొత్తుకుంటే, బీమారి దాని కడుపుల్నే ఉన్నట్టు" అన్నాడు.

"నా టంకం సంగతి నాకు తెల్వదా అన్నా?"

"నీ టంకాన్ని ఎవడేమన్నడే? గుంజు."

మీరు నవ్వండి, నవ్వడానికే చెబుతున్నాను. ఈ పనిలో చేరిన మొదటి వారంలో నేర్పే పరీక్ష అది. పాటల వైర్లన్నీ పీకేసి విను. అప్పుడూ గుయ్యిమంటే రోగం లోపలిది. ఆ చిన్న పని చేయకుండా, చదువుకున్న డాక్టరూ అనుభవమున్న టెక్నీషియనూ కలిసి బల్బులు మార్చి, బంతి మొక్కని చంపి, ఒక పెట్టెని దేశం దాటించాం. వైర్లు పీకాను. గుయ్యి దర్జాగా మోగుతోంది.

మూత తీసి, ఆ బంగారు అక్షరాల పెళ్లికొడుకుల్లో ఒకదాన్ని ఊడదీసి చేతిలోకి తీసుకున్నాను. ఇంత లావుది, బరువు లేదు. అనుమానమొచ్చి పైనున్న ప్లాస్టిక్ తొడుగు చీల్చి, డబ్బా అంచు విప్పాను. లోపల ఇంకో డబ్బా ఉంది. బొటనవేలంత. మిగతాదంతా ఖాళీ, అందులో కాస్త దూది కుక్కారు. పైన పటారం లోన లొటారం అంటారే, అది నా అరచేతిలో కూర్చుంది.

డాక్టరుగారు దాన్ని తీసుకుని చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూశారు. "పై తొడుగు చూసి మోసపోయానండీ" అన్నారు. తర్వాత దూది ముక్కని వేళ్ల మధ్య నలిపి, "దూది మాత్రం మంచిదే" అన్నారు. పళ్ల డాక్టరు కదా, దూది సంగతి ఆయనకి తెలుసు.

షాపు డ్రాయరులోని మామూలు కెపాసిటర్లు నా సంచీలోనే ఉన్నాయి. అవి వేసి, మూత బిగించి, ఆన్ చేశాను. ఏమీ లేదు. అన్న స్పీకరుకి చెవి ఆనించి "బతికుందా?" అన్నాడు. డాక్టరుగారు సోఫాలో కూర్చుని కళ్లు మూసుకున్నారు. ఆయన కళ్ల చివర తడి నేను చూశాను. టీచరుగారు గుమ్మం పట్టుకుని నిలబడ్డారు, మొహం తెల్లగా పాలిపోయింది. ఆనందం ఎక్కువైందనుకున్నాను. డాక్టరుగారు మర్నాడు భోజనానికి రమ్మని నన్ను ఒకటే బలవంతం చేశారు. "గురువుగారికి మిమ్మల్ని పరిచయం చేస్తాను. ఈ నిశ్శబ్దం మీదే కదండీ!"

ఆదివారం పొద్దున పిల్లలంతా తలకి నూనె రాసుకుని, జడలు బిగించుకుని చాప మీద వరసగా కూర్చున్నారు. గురువుగారు వచ్చారు. సన్నగా, నిటారుగా, నవ్వితే పన్ను లెక్క వస్తుందేమో అన్నట్టు నోరు బిగించుకుని ఉన్నారు. చంకలో గాలితిత్తితో ఊదే పాతకాలపు శ్రుతి పెట్టె. "మీట నొక్కితే దానంతట అది మోగే యంత్రాలు నాకు పనికిరావు. శ్రుతి దగ్గర మనిషి కూర్చోవాలి" అన్నారు కూర్చుంటూనే.

ముందు డాక్టరుగారి వంతు. గురువుగారిని స్పీకర్ల ఎదుట కూర్చోబెట్టి, "వినండి" అన్నారు.

అందరం విన్నాం.

"ఏమిటి వినాలి?" అన్నారు గురువుగారు.

"ఏమన్నా వినపడుతోందాండీ?"

"లేదే."

"అదేనండీ!"

గురువుగారు టీచరుగారి వైపు తిరిగి, ఈయనకిలా ఎన్నాళ్లనుంచి అన్నట్టు చూశారు.

తర్వాత పిల్లలు. గురువుగారు తన పెట్టె తిత్తి కదిపి ఐదు శ్రుతి పెట్టారు. ఆడపిల్లల గొంతుకి మామూలుగా పెట్టే శ్రుతే. పిల్లలు 'సా' అని ఎత్తుకున్నారు. సంగీతం తెలియని నా ఒళ్లు కూడా జలదరించింది. తలుపు సరిగ్గా పడక గీసుకున్నట్టుంది. పిల్లలు ఎత్తుకున్నది ఐదూ కాదు, దాని పైన ఉండే ఐదున్నరా కాదు. రెండింటికీ మధ్య సందులో ఎక్కడో పట్టుకున్నారు. అందరూ కలిసి అక్కడే పట్టుకున్నారు, అదే చోద్యం.

"మళ్లీ" అన్నారు గురువుగారు.

మళ్లీ అంతే. ఈసారి సగం మంది భయపడి కిందికి దిగారు, సగం మంది అక్కడే ఉన్నారు. మూడోసారి ఎవరూ నోరు తెరవలేదు. పిల్లలంతా గురువుగారి వైపు కాకుండా స్పీకర్ల వైపు చూస్తున్నారు. అందులో ఒక చిన్నపిల్ల "టీచర్, డబ్బా పాడట్లేదు" అంది.

గురువుగారు తిత్తి మూసేశారు. "సరేనమ్మా. విన్నాను" అన్నారు.

టీచరుగారు లేచి గబగబా నా దగ్గరికి వచ్చారు. "గుయ్యి కావాలండీ" అన్నారు. "శ్రుతి పెట్టె పోయినప్పటినుంచీ వీళ్లకి అదే శ్రుతి. పొద్దస్తమానం మోగుతూనే ఉంది కదా అని దానిమీదే పాడించాను. గురువుగారి పెట్టెకి సర్దుకుంటారులే అనుకున్నాను. నిన్ననే చెప్పాల్సింది. మా ఆయన ఆ నిశ్శబ్దం కోసం ఎంత తిరిగారో చూశాను. నోరు రాలేదు."

నాకు నెత్తిన నీళ్లు పోసినట్టయింది. కరెంటు ఊపుకి ఒక స్వరముంది. మనం ఏ ఊళ్లో ప్లగ్గు పెట్టినా అదే స్వరం, ఐదుకి కాస్త పైన. ఆ ఇంట్లో పిల్లలు వేసవంతా దానికే గొంతు కలిపారు. వంటింటి గుమ్మంలో ఆవిడ అడిగిన ప్రశ్న అప్పుడు అర్థమైంది. నేను చంపి గాని గుమ్మం దాటనన్నది ఆవిడ తంబూరాని!

ఊడదీసిన ఆ దూది కెపాసిటరు మళ్లీ బిగించే సమయం లేదు. గురువుగారు అప్పటికే ఉత్తరీయం సర్దుకుంటున్నారు. మా మాటలు డాక్టరుగారు విన్నారు. ఆంప్లిఫయరు వైపు చూశారు. అది ఆయన ఎన్నాళ్లో కలలు కన్న ఖాళీ, వచ్చి ఒక్కరోజు కూడా కాలేదు. తర్వాత భార్య మొహం చూశారు.

"మేడమ్" అన్నారు, "గుయ్యి తొందరగా రావాలంటే ఏం చేయాలి?"

ఆ మాట ఆయన నోట వినడానికి నేను పుణ్యం చేసుకున్నాను.

"వేలు పెట్టాలి సార్" అన్నాను.

ఆంప్లిఫయరులోకి పాట తెచ్చే సన్న వైరు ఉంటుంది. దాని రెండో కొన ఊడదీసి, మధ్యలోని సూది మీద వేలు ఆనిస్తే చాలు. మన ఒళ్లే చుట్టుపక్కల గోడల్లోని కరెంటు ఊపుని పట్టి ఇస్తుంది. గోడలోని ప్లగ్గులో వేలు పెట్టమని నేను చెప్పట్లేదు, ఇది విని ఎవరూ ఆ పని చేయకండి. నేను పళ్ల వరస పక్కన చతికిలబడి, వైరు ఊడదీసి, సూది మీద వేలు పెట్టాను.

గుయ్యి.

పిల్లల మొహాలు వెలిగిపోయాయి. డాక్టరుగారు ఆంప్లిఫయరు ముందు మోకాళ్ల మీద కూర్చుని, గుయ్యి పెంచే మీట తానే పట్టుకుని, "ఇంతా? ఇంకొంచెమా?" అని భార్యని అడుగుతున్నారు. ఆవిడ చేత్తో ఇంకొంచెం అని చూపించారు. ఆయన పెంచారు.

పిల్లలు ఎత్తుకున్నారు. ఈసారి తలుపు నిశ్శబ్దంగా పడింది. గీతం అయింది, వర్ణం మొదలైంది. టీచరుగారు కూడా గొంతు కలిపారు. ఆ గొంతు నేను వినడం అదే మొదటిసారి, అంత గొంతు పెట్టుకుని ఈవిడ ఎర్తు గుంతకి నీళ్లు పోస్తూ కూర్చున్నారా అని నాకు ఉక్రోషం వచ్చింది. వర్ణం మధ్యలో నా ముక్కు మీద ఈగ వాలింది. వేలు తీస్తే శ్రుతి పోతుంది. రెండో చేత్తో తోలబోతే గుయ్యి వణికింది. డాక్టరుగారు పళ్ల పుస్తకమొకటి తీసి నా మొహానికి విసురుతూ కూర్చున్నారు. ఈ లోపల కరెంటు పోకూడదని నేను మొక్కని దేవుడు లేడు.

పాట అయింది. గురువుగారు కళ్లు తెరిచారు.

"ఈ శ్రుతి ఎవరిది?"

"కరెంటాఫీసువాళ్లదండీ" అన్నాను. నోటికి అదే వచ్చింది.

"యంత్రమా?" ఆయన కనుబొమలు లేచాయి. టీచరుగారు తల దించుకున్నారు. గురువుగారు లేచి వచ్చి నా పక్కన నిలబడి, నా వేలిని పరీక్షగా చూశారు. "తీయండి" అన్నారు. తీశాను, ఆగిపోయింది. "పెట్టండి." పెట్టాను, మోగింది. ఇంకోసారి తీయించి, ఇంకోసారి పెట్టించారు.

"మనిషి వేలు పెడితే మోగి, తీస్తే ఆగేదాన్ని తంబూరా కాదని నేనెలా అంటాను?" అన్నారు. అప్పుడు నవ్వారు. పళ్లన్నీ ఉన్నాయి. టీచరుగారి తలమీద చెయ్యి పెట్టి, "ఉత్సవంలో సాయంత్రం పూట మీది. మా ఇంట్లో తంబూరా ఉంది, పంపుతాను, ఈ శ్రుతికే బిగించుకో. ఈవిడని మాత్రం స్టేజి మీదికి తేవద్దు" అన్నారు. టీచరుగారు ఏడ్చారు. నేనూ ఏడ్చాను, అయినా వేలు తీయలేదు. ఇక తీయొచ్చని ఎవరూ చెప్పలేదు మరి.

తంబూరా వచ్చాక ఇంకో సాయంత్రం వెళ్లి మళ్లీ వేలు పెట్టాను, ఆవిడ దానికి సరిగ్గా తీగలు బిగించుకున్నారు. ఆ పనికి జాబుకార్డులో ఏం రాయాలో మా ఓనరుకి తోచలేదు. "ఎర్త్ చెకింగ్ అని రాయి" అన్నాడు లాలాగూడ అన్న.

ఉత్సవం రోజు నేనూ అన్నా వెళ్లాం. డాక్టరుగారు ముందు వరసలో, పట్టు పంచెలో కూర్చున్నారు. స్టేజి మీద పిల్లలు, వాళ్ల వెనక తంబూరా, మధ్యలో టీచరుగారు. మైకులు ఆన్ చేయగానే, ఏ గుడి మైకుసెట్టయినా చేసే పనే అదీ చేసింది. హాలంతా గుయ్యిమంది. తంబూరాతో అణువంత తేడా లేకుండా కలిసిపోయింది. పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని నవ్వుకున్నారు.

మైకుసెట్టు మనిషి మాత్రం కంగారుపడి పెట్టె మీదికి వంగాడు. నేను లేచేలోపే డాక్టరుగారు లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తి అతని చెయ్యి పట్టుకున్నారు.

"సార్, గుయ్‌మంటుంది సార్. ఒక్క నిమిషంల బంద్ చేస్త."

"వద్దు బాబూ, ముట్టుకోకు" అన్నారు డాక్టరుగారు. "మా ఆవిడ పాడుతోంది."

అతను అర్థం కాక చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. డాక్టరుగారు వచ్చి తన చోట కూర్చున్నారు. పాట అయిపోయింది. చప్పట్లు కూడా అయిపోయాయి. తర్వాతి పాటకి ముందు ఆయనకెప్పుడూ ఇష్టమైన ఆ ఖాళీ వచ్చింది. హాల్లో గుయ్యి ఒక్కటే మిగిలింది. డాక్టరుగారు కళ్లు మూసుకుని దాన్నే వింటున్నారు.